మొదటి మెట్టు వర్క్‌స్టేషను: ధరకు తగిన వస్తువేనా?

వస్తువు ధర వేరు, వస్తువు విలువ వేరు. ధరను అమ్మువాడు నిర్ణయించును. విలువను కొన్నవాని పని నిర్ణయించును. బియ్యము, బట్ట, బంగారము కొనునప్పుడు ఈ భేదమును మన పెద్దలు చక్కగా పాటింతురు. కంప్యూటరు కొనవలసి వచ్చినప్పుడు మాత్రము ఆ వివేకము కొంత సడలుచున్నది. కారణము స్పష్టమే. బియ్యపు గింజను పంటి కింద కొరికి చూడవచ్చును. కంప్యూటరు పెట్టెను అట్లు పరీక్షించుటకు వీలు లేదు. అందువలన దుకాణదారుని మాటయో, కంపెనీ పేరో, తోటివారి గొప్పయో మన తీర్పు స్థానమును ఆక్రమించుచున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో డిగ్రీ ముగించిన యువకుడు గాని యువతి గాని స్వయముగా బ్రతుకుతెరువు చూచుకొనదలచి, డి.టి.పి. కేంద్రమో, ఇండ్ల ప్లాన్లు గీయు దుకాణమో, పన్నుల లెక్కలు వ్రాయు కార్యాలయమో తెరువ బూనినప్పుడు తల్లిదండ్రుల ముందు మొదట ఉంచు కోరిక కంప్యూటరు. అందులోను "వర్క్‌స్టేషను" కావలెనను మాట ఇటీవల తరచుగా వినబడుచున్నది. సాధారణ కంప్యూటరు ఇంటివారికనియు, వర్క్‌స్టేషను వృత్తిదారులకనియు విక్రేతలు విభజించి చెప్పుదురు. పై తరగతి వర్క్‌స్టేషన్ల ధర అనేక లక్షలలో ఉండును. అంత పెట్టలేనివారి కొరకు అదే పేరుతో, అదే పెట్టెతో, తక్కువ భాగములతో అమ్మబడు యంత్రము ఒకటి ఉండును. అదియే మొదటి మెట్టు వర్క్‌స్టేషను. దాని ధర సైతము మంచి సాధారణ యంత్రము ధరకు రెండింతలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పలుకును. ఆ అదనపు సొమ్ము కొరకు తల్లి మెడలోని నగ కుదువకు పోవుట, తండ్రి అప్పు చేయుట మన ఇండ్లలో జరుగు సంగతులే. కావున ఇది యంత్రశాస్త్ర చర్చ మాత్రమే కాదు; సంసారపు లెక్క కూడ.

మా అభిప్రాయమును ముందే చెప్పుదుము. వర్క్‌స్టేషను మంచి యంత్రమా, కాదా అనునది ప్రశ్న కాదు. అది మంచి యంత్రమే. ఎవరి చేతిలో అది తన అదనపు ధరను తిరిగి సంపాదించి ఇయ్యగలదు అనునదే ప్రశ్న. మన మూడు పట్టణములలో కొత్తగా వృత్తి ఆరంభించువారిలో ఎక్కువమందికి ఆ అదనపు ధర తగినది కాదు. కొలదిమందికి మాత్రము తగును. ఆ కొలదిమంది ఎవరో తెలియవలెనన్నచో, అదనపు సొమ్ముతో మనకు లభించునదేమో మొదట తెలిసికొనవలెను.

లభించునవి ముఖ్యముగా మూడు. అందు మొదటిది తప్పులు దిద్దుకొను మెమరీ. కంప్యూటరు మెమరీలో సమాచారమంతయు సున్న, ఒకటి అను రెండు గుర్తులతోనే నిలుచును. ఒక్కొక్క గుర్తు ఒక బిట్టు. ఎవరి ప్రమేయమును లేకయే ఎప్పుడో ఒకప్పుడు ఒక బిట్టు తలక్రిందు కావచ్చును. చిప్పును పొదిగిన పదార్థములోని రేడియోధార్మిక లేశముల వలన ఇట్లు జరుగుచున్నదని 1978లో ఇంటెల్ కంపెనీ పరిశోధకులు కనుగొన్నారు. అంతరిక్షము నుండి వచ్చు కిరణములును ఇట్టి మార్పును కలిగించగలవు. దీనికి విరుగుడైన గణిత సూత్రమును అంతకు చాల ముందే, 1950లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగ్ ప్రకటించినాడు. ఆ మార్గము ననుసరించి ప్రతి 64 బిట్ల వెంట మరి 8 కాపలా బిట్లను చేర్చినచో, ఒక బిట్టు తప్పిన యెడల యంత్రము తానే దిద్దుకొనును. రెండు తప్పినచో దిద్దలేకపోయినను తప్పు జరిగినదని గుర్తించును. ఇట్టిదానిని ఇ.సి.సి. మెమరీ అందురు.

ఇది పుస్తకములకు పరిమితమైన భయమని కొందరనుకొనవచ్చును. 2003 మే మాసములో బెల్జియం దేశపు ఎన్నికలలో, బ్రస్సెల్స్ దాపున గల స్కార్‌బేక్‌లో, ఒక అభ్యర్థికి అసాధ్యమైనన్ని ఓట్లు వచ్చినట్లు కంప్యూటరు చూపినది. మరల లెక్కింపగా సరిగా 4,096 ఓట్లు అధికముగా చేరినవని తేలినది. 4,096 అనగా రెండును పన్నెండు మార్లు హెచ్చవేసిన సంఖ్య. అనగా ఒకే ఒక బిట్టు సున్న నుండి ఒకటిగా మారిన ఫలితము. పరీక్షకులకు వేరు కారణమేదియు దొరకలేదు. ఆ అంకె అసాధ్యమైనది గనుక పట్టుబడినది. సాధ్యమైన అంకెయే అయినచో ఎవరును అనుమానింపకపోయెడివారు.

కాని ఇచట ఒక హెచ్చరిక అవసరము. పెట్టెపై వర్క్‌స్టేషను అని ఉన్నంత మాత్రమున లోపల ఇ.సి.సి. మెమరీ ఉండునను నియమము లేదు. మొదటి మెట్టు యంత్రములు పెక్కు సాధారణ మెమరీతోనే వచ్చును, ఇ.సి.సి. కావలెనన్నచో వేరుగా కోరవలెను, వేరుగా చెల్లించవలెను. కొత్త డి.డి.ఆర్.5 మెమరీలో ఒక సవరణ ఏర్పాటు ఉన్నమాట నిజమే. అయితే అది చిప్పు లోపలి తప్పులను మాత్రమే దిద్దును. చిప్పు నుండి ప్రాసెసరుకు పోవు మార్గములో కలుగు తప్పులను కనిపెట్టలేదు. దానిని చూపి ఇ.సి.సి. ఉన్నదని చెప్పు మాటను నమ్మరాదు.

రెండవది సాఫ్ట్‌వేరు కంపెనీల ధ్రువీకరణము, సేవ. ఆటోక్యాడ్, రెవిట్, సాలిడ్‌వర్క్స్ వంటి కార్యక్రమములు ఫలానా గ్రాఫిక్స్ కార్డుపై సరిగా నడుచునని పరీక్షించి ఇచ్చు హామీయే ధ్రువీకరణము. యంత్రము చెడినచో మనిషి మన గుమ్మమునకే వచ్చి బాగుచేయుట సేవ. ఇది నిజమైన లాభమే. అయితే మరుసటి దినము మనిషి వచ్చునను హామీ హైదరాబాదు నగరమునకా, అచటికి సుమారు 135 కిలోమీటర్ల దూరమున ఉన్న సూర్యాపేటకా, ఇంకను దూరమున ఉన్న కోదాడకా అనునది కాగితముపై వ్రాయించి చూచుకొనవలెను. నగరమునకు వర్తించు సేవకు పల్లెటూరివాడు పూర్తి ధర చెల్లించుట న్యాయము కాదు.

మూడవది పెంచుకొనుటకు తావు. వర్క్‌స్టేషను పెట్టె పెద్దది, విద్యుత్తు అందించు పరికరము బలమైనది, మరిన్ని కార్డులు, మరింత మెమరీ చేర్చుటకు ఖాళీలు అధికము. మన పట్టణములలో ఏ వీధిలో చూచినను ఇంటి కప్పుపై ఇనుప చువ్వలు పైకి నిలిచి కనబడును. రేపు మరొక అంతస్తు వేయుదుమను ఆశతో స్తంభములకు అదనపు ఇనుము పెట్టించి, చువ్వలను అట్లే వదలుదురు. అంతస్తు లేచినచో ఆ ఖర్చు సార్థకము. ఇరువది ఏండ్లు గడచినను లేవనిచో చువ్వలు తుప్పు పట్టును, పునాది ఖర్చు మట్టిలో మిగులును. మొదటి మెట్టు వర్క్‌స్టేషనుకు మనము చెల్లించు అదనపు ధరలో అధిక భాగము ఇట్టి పునాది ఖర్చే.

ప్రపంచమంతట చర్చకు వచ్చిన ఒక ఉదాహరణ ఈ మర్మమును చక్కగా విప్పి చూపును. ఆపిల్ కంపెనీ 2019లో మాక్ ప్రో అను వృత్తిదారుల యంత్రమును 5,999 డాలర్ల ప్రారంభ ధరతో విడుదల చేసినది. ఆ మొదటి మెట్టు యంత్రములో ఉన్నది 8 కోర్ల ప్రాసెసరు, 32 గిగాబైట్ల ఇ.సి.సి. మెమరీ, 256 గిగాబైట్ల నిల్వ మాత్రమే. అందులోని గ్రాఫిక్స్ తరగతి ఆ ఏడే అదే కంపెనీ తెరతో సహా 2,299 డాలర్లకు అమ్మిన ఐమాక్‌లోను ఉన్నది. మాక్ ప్రోకు తెర వేరుగా కొనవలెను. పెట్టెకు చక్రములు కావలెనన్నచో మరి 400 డాలర్లు. మిగిలిన సొమ్మంతయు దేనికనగా, ఎనిమిది కార్డు స్థానములకు, పన్నెండు మెమరీ స్థానములకు, 1,400 వాట్ల విద్యుత్ పరికరమునకు. వానిని నింపుకొను సినిమా, సంగీత సంస్థలకు ఆ యంత్రము మేలైనదే. నింపుకొనలేనివానికి అది నాలుగంతస్తుల పునాదిపై వేసిన ఒంటిగది ఇల్లు.

2023లో ఈ భేదము మరింత తేటపడినది. ఆ ఏడు వచ్చిన మాక్ ప్రో ధర 6,999 డాలర్లు. మన దేశములో 7,29,900 రూపాయలు. అదే చిప్పుతో, అదే కంపెనీ, అదే దినమున మాక్ స్టూడియో అను చిన్న యంత్రమును 3,999 డాలర్లకు ప్రకటించినది. మూడు వేల డాలర్ల వ్యత్యాసము ప్రధానముగా కార్డులు దూర్చు ఖాళీల కొరకే. ఆ ఖాళీలలో వేరు గ్రాఫిక్స్ కార్డును పెట్టుటకును వీలు లేదు. శబ్దలేఖనమునకో, దృశ్యలేఖనమునకో ప్రత్యేకమైన కార్డులు కలవారికి తప్ప ఆ అధిక ధర ఎవరికి ప్రయోజనము? మన ఊళ్లలో మాక్ ప్రో కొనువారు అరుదు. కాని చిన్న ధరలలో జరుగు బేరమునకును ఇదే సూత్రము వర్తించును. ఖరీదైన శ్రేణిలో అన్నింటికంటె చవుకైన వస్తువు తరచుగా ఆ శ్రేణిలోకెల్ల నష్టపు బేరము; ఏలయనగా శ్రేణి పేరు పూర్తిగా లభించును, శ్రేణి శక్తి లభించదు.

ఇక మన మూడు పట్టణముల పనులను ఈ కొలతతో చూతము.

మిర్యాలగూడ నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో పండిన వరి మీద, ఆ వడ్లను ఆడించు మిల్లుల మీద ఎదిగిన పట్టణము. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినది, 2018 ఏప్రిల్‌లో సరుకు రవాణాకు ఇ-వే బిల్లు వచ్చినది. అప్పటి నుండి మిల్లులోని గుమాస్తాకు కంప్యూటరు లేక దినము గడవదు. అతడు వాడునది ట్యాలీ, ఒక లెక్కల పట్టిక, ప్రభుత్వ వెబ్ పేజీలు. ఈ పనికి సాధారణ యంత్రము శక్తి సరిపోవుటయే గాక మిగిలిపోవును. అచట యంత్రమునకు శత్రువులు వేరు: గాలిలో తేలు తవుడు, ఊక దుమ్ము, మే మాసపు ఎండ, చెప్పక పోవు కరెంటు. ఫ్యానులో దుమ్ము పేరుకొన్నచో లక్ష రూపాయల యంత్రమును నలుబది వేల యంత్రమును ఒకే విధముగా ఉడికిపోవును. మిల్లు లెక్కలకు కావలసినది మంచి యు.పి.ఎస్., దుమ్ము చొరని గది, ప్రతి సాయంత్రము లెక్కల నకలును వేరొక డిస్కుపై తీయు అలవాటు. ఈ మూడును వర్క్‌స్టేషనుతో పాటు ఉచితముగా రావు.

అదే మిల్లు యజమాని సార్టెక్స్ యంత్రమునకు మాత్రము సంకోచింపక లక్షలు పోయును. జారిపడు ప్రతి గింజను కెమెరా చూచును. రంగు మారినదానిని గాలి ఊది వేరుచేయును. అదియు లోపల కంప్యూటరే, అందులోను అసలైన వృత్తి కంప్యూటరు. దాని ధర అధికమైనను క్వింటాలుకు ఇంత అని అది తన సొమ్మును తిరిగి ఇచ్చును. మిల్లు యజమాని తన మిల్లులో వాడు ఈ తెలివినే తన కుమారుని కంప్యూటరు కొనుటలోను వాడవలెనని మేము కోరుచున్నాము. ఇది దినమునకు ఎంత తిరిగి ఇచ్చును? ఈ ప్రశ్నకు జవాబు లేనిచో బేరము ఆపవలెను.

కోదాడ హైదరాబాదు, విజయవాడ రహదారిపై ఆంధ్రప్రదేశ్ సరిహద్దునకు దాపున ఉన్న ఊరు. చుట్టుప్రక్కల మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు సిమెంటు కర్మాగారములు కలవు. ఇట్టి చోట ఇండ్ల ప్లాన్లు గీయువారికి కొదువ లేదు. 2020లో టి.ఎస్. బి-పాస్ విధానము వచ్చినది మొదలు పురపాలక సంఘములకు ప్లాన్లను ఆన్‌లైనులో పంపుట అలవాటైనది. ఈ వృత్తిలోనివారు వర్క్‌స్టేషను తప్పదని తరచుగా వాదింతురు. వారి వాదమును విభజించి చూడవలెను. గదులు, గోడలు, ద్వారములు చూపు సమతల చిత్రములను గీయుటయే పనియైనచో, ఆటోక్యాడ్ చాల పనులను ప్రాసెసరులోని ఒక్క కోరుతోనే చేయును. అట్టి పనిలో అనేక కోర్లు గల నెమ్మది ప్రాసెసరు కంటె, కొలది కోర్లు గల వేగమైన సాధారణ ప్రాసెసరే ముందు నిలుచును. అనగా అధిక ధర చెల్లించి నెమ్మది యంత్రమును కొనితెచ్చుకొను ప్రమాదము కలదు! పలు అంతస్తుల భవనమును మూడు కొలతలలో నిలిపి చూపువారు, కట్టడపు బలమును లెక్కించు ఇంజనీర్లు వేరు తరగతి. వారి పనికి మెమరీ విస్తారముగా కావలెను, గ్రాఫిక్స్ కార్డు నమ్మదగినదై ఉండవలెను, లెక్క తప్పరాదు. వారికి వర్క్‌స్టేషను తగును.

సూర్యాపేట 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైనది. 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. ఆసుపత్రులు, పరీక్షా కేంద్రములు కల ఊరు. రోగి శరీరపు స్కానింగు చిత్రమును చదువు యంత్రములో పొదుపు పనికిరాదు. ఆ చిత్రములోని ఒక నీడ ఒకని ప్రాణము. అచట ఇ.సి.సి. మెమరీ, సరిగా సరిచూచిన తెర ఆడంబరములు కావు. కాని అదే ఆసుపత్రి ముందర గదిలో చీటీలు వ్రాయు కంప్యూటరుకు ఆ హంగు అవసరము లేదు. ఒకే కట్టడములో రెండు బల్లలకు రెండు సమాధానములు.

అచ్చుపని సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి ఉన్నది. ఈ సంచిక రెండు లిపులలో వెలువడుచున్నది గదా. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో అక్షరములు ఒకదాని భుజముపై ఒకటి వాలుచు వాలుగా దిగును. ఆ కారణమున దశాబ్దముల పాటు ఉర్దూ పత్రికలు కాతిబుల చేతివ్రాతపైననే ఆధారపడినవి. మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20 వేల అక్షర కూర్పులను శ్రమకోర్చి సిద్ధము చేయగా, 1981లో మోనోటైప్ కంపెనీ యంత్రముపై నూరీ నస్తాలీఖ్ వెలసినది. నాడు అది గొప్ప పత్రికా సంస్థలకు మాత్రమే అందు యంత్రము. 1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి రూపొందించిన ఇన్‌పేజ్‌తో ఆ అందము సాధారణ కంప్యూటరుకు దిగివచ్చినది. 2014లో గూగుల్ తన నోటో నస్తాలీఖ్ అక్షరములను ఉచితముగానే ఇచ్చినది. తెలుగునకును ఇదే చరిత్ర. 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7తో, అను ఫాంటులతో మన ఊళ్లలో ఏండ్ల తరబడి పెండ్లి పత్రికలు, కరపత్రములు, సావనీర్లు అచ్చయినవి. నేడు యూనికోడ్ అక్షరములు ఏ యంత్రములోనైనను నిలుచును. వృత్తి గొప్పదైనంత మాత్రమున యంత్రము గొప్పదై ఉండనక్కర లేదని ఈ చరిత్ర చెప్పుచున్నది. డి.టి.పి. కేంద్రము తెరువబోవు యువకునికి కావలసినది వేగమైన ఎస్.ఎస్.డి., 16 గిగాబైట్ల మెమరీ, కంటికి హితమైన పెద్ద తెర, అన్నిటికంటె మిన్నగా తెలుగు ఒత్తులు, ఉర్దూ నుఖ్తాలు తప్పక గుర్తించు భాషాజ్ఞానము. చివరిది ఏ దుకాణములోను దొరకదు.

ఇప్పుడు అంకెలతో ఒక సులువైన లెక్క వేయుదము. ఉదాహరణకు వర్క్‌స్టేషను లక్ష రూపాయలు, సాధారణ యంత్రము 40 వేలు అనుకొందము. అయిదేండ్లు, ఏటికి 300 పని దినములు, మొత్తము 1,500 దినములు. వ్యత్యాసమైన 60 వేలను 1,500తో భాగించినచో దినమునకు 40 రూపాయలు. గంటకు 240 రూపాయలు సంపాదించు డ్రాఫ్ట్స్‌మనుకు ఆ 40 రూపాయలు పది నిమిషముల పని. కావున ప్రశ్న సూటిగా నిలుచును: ఈ యంత్రము దినమునకు పది నిమిషములైనను మిగిల్చునా? మిగిల్చినచో కొనవలెను, లేనిచో మానవలెను. విద్యార్థి సంగతి చూడుడు. వారమునకు రెండు గంటల చొప్పున ఏటికి సుమారు నూరు గంటలు, అయిదేండ్లకు 500 గంటలు వాడినచో, అదే వ్యత్యాసము గంటకు 120 రూపాయలగును. ఇది విద్యార్థి మోయదగిన భారము కాదు.

ఈ లెక్కకు మరి రెండు చేర్పులు కలవు. ఆదాయపు పన్ను నియమములలో కంప్యూటరుకు ఏటికి 60 శాతముగా ఉన్న తరుగుదలను 2017లో 40 శాతమునకు తగ్గించినారు. ఆ తగ్గించిన రేటు ప్రకారమే లక్ష రూపాయల యంత్రము మొదటి ఏడు ముగియునాటికి 60 వేలు, రెండవ ఏటికి 36 వేలు, మూడవ ఏటికి 21,600 అగును. బంగారము వలె దాచుకొను వస్తువు కాదిది. మంచుగడ్డ వలె కరగు వస్తువు. మరియు కంప్యూటరు ధరలో 18 శాతము జి.ఎస్.టి. కలదు. పన్నుతో కలిసి లక్ష రూపాయలైన యంత్రములో సుమారు 15 వేలు పన్నే. జి.ఎస్.టి. క్రింద నమోదైన వర్తకుడు దానిని తన పన్నులో సర్దుబాటు చేసికొనగలడు; విద్యార్థి చేసికొనలేడు. ఒకే యంత్రము ఇద్దరికి ఒకే ధర కాదు.

వాయిదాల సంగతి మన సమాజములో మరింత జాగ్రత్తతో చూడవలసినది. వడ్డీని నిషిద్ధముగా భావించు కుటుంబములను "వడ్డీ లేని వాయిదాలు" అను ప్రకటన సులభముగా ఆకర్షించును. ఇట్టి సున్న శాతపు పథకములలో వడ్డీ తరచుగా ప్రాసెసింగు రుసుము రూపములో దాగి ఉండునని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులను హెచ్చరించినది. రొక్కమునకు ఎంత, వాయిదాలకు మొత్తము ఎంత అని రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాయించుకొన్నచో నిజము బయటపడును. రొక్కముగా కొనగల సాధారణ యంత్రము, అప్పుతో కొన్న గొప్ప యంత్రము కంటె మనసునకు శాంతినిచ్చును.

"సస్తా రోయే బార్ బార్, మహంగా రోయే ఏక్ బార్" అను సామెతను మాకు ఎదురు చెప్పువారుందురు. చవుకవాడు మాటిమాటికి ఏడ్చుననుట సత్యమే. పేరు లేని విద్యుత్ పరికరము, నకిలీ మెమరీ, రసీదు లేని కొనుగోలు ఎన్నడును తగవు. కాని మేము చవుక యంత్రమును సమర్థించుట లేదు. పనికి సరిపోవు యంత్రమును సమర్థించుచున్నాము. చాదరెంత ఉన్నదో కాళ్లు అంత చాపవలెననునదియు మన సామెతయే. లోభము దోషము, ఇస్రాఫ్ కూడ దోషమే. ఈ రెంటి నడిమి దారియే మన ధర్మము బోధించునది.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో కంపెనీలు వాడి వదలిన వర్క్‌స్టేషన్లు తక్కువ ధరకు లభించును. ఇదియు ఒక మార్గమే. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 కొరకు టి.పి.ఎం. 2.0 ఏర్పాటు, ఇంటెల్ అయినచో ఎనిమిదవ తరము లేక అంతకు కొత్త ప్రాసెసరు ఉండవలెను. ఈ రెండును చూడక కొన్న పాత వర్క్‌స్టేషను లినక్స్‌తో తప్ప చాలకాలము సాగదు. లినక్స్ నేర్చుకొను ఓపిక గలవారికి మాత్రము అదియు మేలే.

చివరగా మన కళాశాలల సంగతి. ఒక లక్ష ఇరువది వేల రూపాయలు చేతిలో ఉన్నప్పుడు ప్రయోగశాలకు ఒక గొప్ప యంత్రము కొనవలెనా, మూడు సాధారణ యంత్రములు కొనవలెనా? మూడని మా తీర్పు. ఇంటిలో కంప్యూటరు లేని బాలికకు ప్రయోగశాలలోని కుర్చీయే కంప్యూటరు. ఒక కుర్చీ చుట్టు ముగ్గురు నిలిచినచో ఒకరు నేర్చుకొందురు, ఇద్దరు చూతురు. చూచుట నేర్చుట కాదు. హైదరాబాదులో 1967లో స్థాపించబడిన ఇ.సి.ఐ.ఎల్. 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసిన కాలమున, కంప్యూటరు ఒక మనిషి సొత్తు కాదు, సంస్థ సొత్తు. పలువురు వంతులవారీగా వాడెడివారు. ఖరీదైన యంత్రమునకు నేటికిని అదే పద్ధతి తగినది. పెద్ద పని గల విద్యార్థుల కొరకు, పరీక్షల రికార్డుల కొరకు కళాశాల మొత్తమునకు ఒక వర్క్‌స్టేషను ఉంచి, దానిని వంతులతో వాడుకొనుట వివేకము. ఇంటింటికి ఒకటి కొనుట వివేకము కాదు.

యంత్రము తప్పినప్పుడు నష్టపోవునది ఎవరు? మా దృష్టిలో ఈ చర్చ అంతయు ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది. నీ కవిత, నీ పాఠము, నీ వినోదము చెడినచో నష్టము నీది, మరల వ్రాసికొనగలవు. కాని పరుల ఇంటి కట్టడపు లెక్క, పరుల రోగపు చిత్రము, పరుల మార్కుల జాబితా నీ యంత్రములో ఉన్నప్పుడు అది అమానత్, నీవు కాపలాదారుడవు. అమానత్‌ను కాచు యంత్రమునకు అధిక ధర పెట్టుట దుబారా కాదు, విధి. ఆ బాధ్యత లేనిచోట అదే ధర పేరునకు చెల్లించిన సుంకము మాత్రమే. మిగిలిన సొమ్ముతో మంచి యు.పి.ఎస్. కొనుడు, నకళ్లు దాచు డిస్కు కొనుడు, మీ చెల్లెలికి కూడ పని నేర్పించుడు. విద్యార్థి మిత్రులు దుకాణము మెట్లు ఎక్కుటకు ముందు తమ పనిని ఒక కాగితముపై వ్రాసికొని, ఆ కాగితమును తల్లిదండ్రులకు చూపి, పిదపనే ధర అడుగవలెనని మా మనవి.